ఆలిస్ హామిల్టన్

పింగాణీ పాత్ర అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు మట్టిది కాదు, మట్టిపై ఉన్న పూతది. ఈ పూతను గ్లేజు అంటారు. చెకుముకి రాయి, ఫెల్‌స్పార్, తెల్లమట్టి మొదలైన ఖనిజాలను మెత్తగా నూరి నీటిలో కలుపుతారు. ఒకసారి కాల్చిన పాత్రను అందులో ముంచి తీసి, మళ్లీ బట్టీలో పెడతారు. ఆ వేడికి పొడి కరిగి, గాజుగా మారి, పాత్రను అంటుకుంటుంది. ఈ ఖనిజాలు కరగడానికి చాలా వేడి కావాలి. వాటిలో సీసపు పొడి కలిపితే తక్కువ వేడికే కరుగుతాయి. రంగులు కూడా నిగనిగలాడతాయి. అందువల్ల వందల సంవత్సరాలపాటు గ్లేజులలో సీసాన్ని వాడారు. కాని సీసం విషం. ఆ మెరుపు కోసం ఎందరో కార్మికులు తమ ఆరోగ్యాన్ని పోగొట్టుకున్నారు. అమెరికాలో ఆ కార్మికుల బాధను వెలుగులోకి తెచ్చిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్.

ఆలిస్ 1869 ఫిబ్రవరి 27న న్యూయార్క్ నగరంలో జన్మించింది. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ పట్టణంలో పెరిగింది. చిన్నతనంలో అక్కాచెల్లెళ్లతో కలిసి ఇంట్లోనే చదువుకుంది. తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో ఆ పిల్లలు తమ కాళ్లపై తాము నిలబడవలసి వచ్చింది. ఎక్కడ ఉన్నా పదిమందికి ఉపయోగపడవచ్చునని ఆలిస్ వైద్యవిద్యను ఎంచుకుంది. ఆడపిల్లలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజులలో, 1893లో మిచిగన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టం పొందింది. తరువాత జర్మనీ వెళ్లి మరికొంత చదువుకుంది.

1897లో ఆమె చికాగో నగరంలో ఒక మహిళా వైద్య కళాశాలలో అధ్యాపకురాలిగా చేరింది. జేన్ ఆడమ్స్ నడుపుతున్న హల్ హౌస్ అనే సేవాసంస్థలో నివసించసాగింది. దాని చుట్టూ ఉన్నవి ఇటలీ, పోలండ్ మొదలైన దేశాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన పేదల ఇళ్లు. ఆలిస్ అక్కడి పసిబిడ్డలకు వైద్యం చేసేది. వారి తండ్రులు కొందరు నడివయస్సులోనే చేతులు చచ్చుబడి, కడుపుశూలతో మూలుగుతూ మంచాన పడి ఉండడం ఆమె గమనించింది. వారు చేసే పనికీ ఆ జబ్బుకూ సంబంధం ఉన్నదని ఆమెకు తోచింది. ఇంగ్లండు, జర్మనీ దేశాలలో ఇటువంటి జబ్బులపై పరిశోధనలు జరిగాయి. అమెరికాలో మాత్రం వాటిని పట్టించుకున్నవారు చాలా తక్కువ.

1910లో ఇల్లినాయి రాష్ట్ర ప్రభుత్వం తరఫున కార్మికుల జబ్బులపై సర్వే జరిగింది. దానికి ఆలిస్ నాయకత్వం వహించింది. ఆ రోజులలోనే సీసపు విషంతో జబ్బుపడిన ఒక పోలండ్ కార్మికుని సంగతి ఆమెకు తెలిసింది. అతడు ఇనుప స్నానపు తొట్లకు తెల్లని ఎనామిల్ పూత వేసే పని చేసేవాడు. ఎనామిల్ కూడా గ్లేజు వంటిదే. ఆలిస్ ఆ కర్మాగారానికి వెళ్లింది. యాజమాన్యం ఆమెకు పని గదులు చూపించింది. అక్కడ ఆమెకు ప్రమాదమేమీ కనబడలేదు. అయినా ఆమె అంతటితో ఊరుకోలేదు. ఆ కార్మికుని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆమె చూసింది చివరి మెరుగులు దిద్దే చోటు మాత్రమేనని, అసలు పని వేరేచోట జరుగుతుందని అతడు చెప్పాడు. ఎర్రగా కాలిన తొట్టిపై సీసం కలిసిన పొడిని జల్లెడతో చల్లడమే ఆ పని. అప్పుడు లేచే ధూళి కార్మికుల ఊపిరితో లోపలికి పోయేది. యజమానులు చూపించినదానితో తృప్తిపడకూడదని, కార్మికుల గడప కూడా తొక్కాలని ఆలిస్ గ్రహించింది.

ఆ సర్వేలో సీసంతో ప్రమాదం ఉన్న పనులు 70కి పైగా బయటపడ్డాయి. 578 మంది సీసపు విషంతో బాధపడినట్లు రుజువైంది. 1911లో ఇల్లినాయి రాష్ట్రం వృత్తి జబ్బుల నివారణకు చట్టం చేసింది.

తరువాత కేంద్ర ప్రభుత్వ కార్మిక శాఖ కోసం ఆలిస్ పరిశోధన మొదలుపెట్టింది. జీతం లేదు. నివేదిక పూర్తయిన తరువాతే డబ్బు ఇస్తారు. ఏ కర్మాగారంలోనైనా అడుగు పెట్టడానికి ఆమెకు చట్టపరమైన అధికారం కూడా లేదు. ఆమెకున్న బలమల్లా ఓర్పు, మంచిమాట, తిరుగులేని సాక్ష్యాలు. పింగాణీ పాత్రలు, పలకలు, ఎనామిల్ తొట్లు చేసే కర్మాగారాలను పరిశీలించి ఆమె రాసిన నివేదిక 1912లో వెలువడింది.

గ్లేజులో పాత్రలు ముంచేవారికి, అంచులకు అంటిన పూతను తుడిచేవారికి విషం ఎక్కువగా సోకుతున్నదని ఆమె వివరించింది. వారిలో స్త్రీలు, వయస్సులో చిన్నవారు కూడా ఉన్నారు. చేతులు కడుక్కోనందువల్లనే కార్మికులకు జబ్బు వస్తుందని యజమానులు అనేవారు. గాలిలో తేలే ధూళే అసలు శత్రువని ఆలిస్ చూపింది. ధూళిని పీల్చివేసే యంత్రాలు పెట్టాలని, నేలను తడిపి ఊడ్వాలని, భోజనానికి వేరే గది, చేతులు కడుక్కోవడానికి వేడినీళ్లు ఉండాలని కోరింది. సీసాన్ని ముందుగా చెకుముకి పొడితో కరిగించి, గాజుగా మార్చి, ఆ తరువాత నూరి వాడితే ప్రమాదం తగ్గుతుంది. అలా గాజులో బంధింపబడిన సీసం కడుపులోని ఆమ్లంలో అంత తేలికగా కరగదు. ఇంగ్లండులో అప్పటికే ఇటువంటి నియమాలు ఉండేవి.

1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆమెను అధ్యాపకురాలిగా నియమించింది. ఆ విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవి పొందిన మొదటి మహిళ ఆమె. అయినా అధ్యాపకుల క్లబ్బులోకి ఆమెకు ప్రవేశం లేదు. స్నాతకోత్సవ ఊరేగింపులో నడిచే అవకాశం కూడా ఇవ్వలేదు. 1935లో పదవీ విరమణ చేసేవరకు ఆమెకు పై హోదా దక్కలేదు. ఆమె మాత్రం తన పని మానలేదు. పెట్రోలులో సీసం కలపడం ప్రమాదమని 1925లోనే హెచ్చరించింది. అప్పుడు ఆ మాట ఎవరూ వినలేదు. 1996లో అమెరికాలో రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలును నిషేధించారు. 2021 నాటికి ప్రపంచమంతటా వాహనాలకు దాని అమ్మకం ఆగిపోయింది.

ఆలిస్ హామిల్టన్ 1970 సెప్టెంబరు 22న 101 సంవత్సరాల వయస్సులో కన్నుమూసింది. మూడు నెలలకు, అదే సంవత్సరం డిసెంబరులో, కార్మికుల ఆరోగ్య భద్రత కోసం అమెరికా ప్రభుత్వం దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది.

కార్మికుని ఊపిరిలో చేరిన సీసమే ఆ పాత్రలో తినేవారి కడుపులోకీ చేరవచ్చు. సరిగా కాలని సీసపు గ్లేజు ఉన్న పాత్రలో చింతపండు పులుసు, నిమ్మరసం, ఊరగాయ వంటివి నిలవ ఉంచితే, పులుపుకు సీసం కొంచెం కొంచెంగా కరిగి ఆహారంలో కలుస్తుంది. పసిపిల్లలకు అది మరీ హాని చేస్తుంది. అందుకే ఇప్పుడు పింగాణీ పాత్రల నమూనాలలో వెనిగర్ వంటి ఆమ్లం పోసి, ఒక రోజు ఉంచి, ఎంత సీసం కరిగిందో పరీక్షిస్తారు. సీసం లేని గ్లేజులు కూడా వాడుకలోకి వచ్చాయి. అలంకారం కోసం చేసిన పాత్రలను, పూత పగిలిన పాత్రలను వంటకు, నిలవకు వాడకపోవడం మంచిది.

ఒక వస్తువు కొనేవారు దాని అందాన్నీ ధరనూ చూస్తారు. దానిని చేసిన చేతులు ఎలా ఉన్నాయో చూడడానికి ఆలిస్ హామిల్టన్ కార్మికుల ఇళ్లకు నడిచి వెళ్లింది.