దైవప్రవక్తను పెంచిన చేతులు

హజ్రత్ ఉమ్మె ఐమన్ (రజి) అసలు పేరు బరకా. అబిసీనియాకు చెందిన నల్లజాతి స్త్రీ. మక్కాలో అబ్దుల్లా ఇంట బానిసగా ఉండేవారు. అబ్దుల్లా కన్నుమూసే నాటికి ఆయన బిడ్డ ఇంకా తల్లి గర్భంలోనే ఉన్నారు. తండ్రి నుంచి ఆ బిడ్డకు సంక్రమించిన ఆస్తి అయిదు ఒంటెలు, కొన్ని గొర్రెలు, ఈ బరకా. ఆ బిడ్డే మహాప్రవక్త ముహమ్మద్ (స).

ఆయనకు ఆరేళ్ల వయసులో తల్లి బీబీ ఆమినా యస్రిబ్ వెళ్లి తిరిగి వస్తూ దారిలో అబ్వా అనే చోట మరణించారు. తల్లిని పోగొట్టుకున్న ఆ పసివాణ్ణి ఎడారి దాటించి, మక్కాలో తాత అబ్దుల్ ముత్తలిబ్‌కు అప్పగించినది బరకాయే. ఆ తర్వాత కూడా ఆలనాపాలనా ఆమే చూశారు. బీబీ ఖదీజా (రజి)తో వివాహమైనప్పుడు దైవప్రవక్త (స) ఆమెకు బానిసత్వం నుంచి విముక్తి కలిగించారు. మొదటి భర్త ఉబైద్ వల్ల ఐమన్ పుట్టాడు. ఆ పేరు మీదే ఆమె ఉమ్మె ఐమన్ అయ్యారు. భర్త పోయాక హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి)ను వివాహమాడారు. వారి కుమారుడే హజ్రత్ ఉసామా (రజి).

మన అమలాపురం, రాజోలు, కొత్తపేట పల్లెల నుంచి ఎందరో స్త్రీలు అరబ్బు దేశాలకు వెళ్లి పరాయి ఇళ్లలో పరాయి బిడ్డలను పెంచారు, పెంచుతున్నారు. వారికి ఈ కథ కొత్తగా తోచదు. ఉమ్మె ఐమన్‌కు కూడా అరబ్బీ నోట సరిగా పలికేది కాదు. సలాం చెప్పబోతే మాట తారుమారై అర్థమే మారిపోయేది. పూర్తి వాక్యం అక్కరలేదు, సలాం అంటే చాలని దైవప్రవక్త (స) వెసులుబాటు ఇచ్చారు. ఆమెను ఆయన అమ్మా అనే పిలిచేవారు.

మక్కావాసుల హింస భరించలేక విశ్వాసులు మదీనాకు హిజ్రత్ చేసినప్పుడు ఈ వృద్ధురాలు కూడా కాలినడకన, అదీ ఉపవాసంతో బయలుదేరారు. దాహంతో ప్రాణం పోయే వేళ ఆకాశం నుంచి తెల్లని తాడుతో నీటి చేద దిగివచ్చిందని ఇబ్నె సఅద్ తన గ్రంథంలో నమోదు చేశారు.

ముహాజిర్లు కట్టుబట్టలతో మదీనా చేరారు. అన్సార్లు తమ ఖర్జూర చెట్ల ఫలసాయాన్ని వారికి ఇచ్చారు. కోనసీమ భాషలో చెప్పాలంటే చెట్టు ఒకరిది, దింపు మరొకరిది. హజ్రత్ అనస్ (రజి) తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఇచ్చిన చెట్లను దైవప్రవక్త (స) ఉమ్మె ఐమన్‌కు కేటాయించారు.

625లో ఉహుద్ యుద్ధం. అప్పటికి దైవప్రవక్త (స)కే సుమారు 55 ఏళ్లు. ఆయనను ఎత్తుకుని పెంచిన ఆమె వయసెంతో పాఠకులే ఊహించుకోవచ్చు. ఆ వయసులో రణభూమికి వెళ్లి దాహంతో ఉన్నవారికి నీళ్లు పోశారు, క్షతగాత్రులకు చికిత్స చేశారు. ఒక శత్రువు వేసిన బాణం ఆమె దుస్తుల అంచుకు తగిలిందట. వెన్నుచూపి పారిపోతున్న మగవారి మొహాన మట్టి చల్లి, కత్తి ఇటిచ్చి పోయి నూలు వడుక్కోమని గద్దించారని కూడా చరిత్ర చెబుతోంది. 628లో ఖైబర్‌కూ వెళ్లారు.

ఖైబర్ తర్వాత ముహాజిర్ల చేతికి కాస్త ఆస్తి వచ్చింది. అన్సార్ల చెట్లు అన్సార్లకు తిరిగి ఇచ్చేశారు. తన చెట్ల కోసం వచ్చిన అనస్‌ను ఉమ్మె ఐమన్ మెడలో గుడ్డ వేసి పట్టుకున్నారు. ఇచ్చేది లేదన్నారు. సర్వం వదులుకుని వచ్చిన మనిషి చేతికందిన నాలుగు చెట్లను అంత తేలిగ్గా వదులుతుందా! దైవప్రవక్త (స) ఆమెను కసురుకోలేదు. బదులుగా ఇంత ఇస్తానన్నారు. ఆమె ఒప్పుకోలేదు. మరికొంత పెంచారు. అలా దాదాపు పదింతలు ఇచ్చి ఆమెను ఒప్పించారు.

629లో మూతా యుద్ధంలో భర్త జైద్, 630లో హునైన్‌లో కొడుకు ఐమన్ షహీద్ అయ్యారు. 632లో తాను పెంచిన బిడ్డ కూడా ఈ లోకాన్ని వీడారు.

దైవప్రవక్త (స) తరచు ఆమెను చూడ వెళ్లేవారు. ఆ అలవాటు తప్పరాదని హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి)ను వెంటబెట్టుకుని వెళ్లారు. వారిని చూడగానే ఆమె ఏడ్చారు. అల్లాహ్ వద్ద ఆయనకు ఇంతకన్నా మేలే లభించిందని వారు ఓదార్చారు. ఆ సంగతి తనకూ తెలుసని, ఆకాశం నుంచి దైవవాణి రావడం ఆగిపోయినందుకే ఏడుస్తున్నానని ఆమె అన్నారు. ఆ మాటతో వారిద్దరూ కూడా ఆమెతో పాటు ఏడ్చారు.