హ్యారీ హుడీని

హ్యారీ హుడీని (మార్చి 24, 1874 - అక్టోబరు 31, 1926) ప్రపంచ ప్రసిద్ధి చెందిన అమెరికన్ ఇంద్రజాలికుడు. ఇతని అసలు పేరు ఎరిక్ వైస్. బేడీలు, పెట్టెలు, జైలు గదుల నుండి తప్పించుకొనే విద్యకు ఇతని పేరు పర్యాయపదమైంది. వేలాది జనం ఎదుట ప్రమాదకరమైన సాహసాలు చేసి, వాటిని చలనచిత్రాలుగా తీయించిన తొలితరం కళాకారులలో ఇతడొకడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తన ప్రదర్శనలను సహాయ నిధుల సేకరణకు వినియోగించాడు.

బాల్యం

హుడీని హంగేరీలోని బుడాపెస్ట్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి మేయర్ శామ్యూల్ వైస్ యూదు మతగురువు. 1878లో ఈ కుటుంబం అమెరికాకు వలస వెళ్ళి విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆపిల్టన్ పట్టణంలో స్థిరపడింది. తండ్రి ఉద్యోగం పోవడంతో కుటుంబం పేదరికంలో పడింది. బాలుడైన ఎరిక్ చిన్నచిన్న పనులు చేసి ఇంటికి ఆసరాగా నిలిచాడు. న్యూయార్క్ చేరిన తరువాత నెక్ టైలు తయారుచేసే కర్మాగారంలో పనిచేశాడు. ఫ్రెంచి ఇంద్రజాలికుడు రాబర్ట్ హుడిన్ మీది అభిమానంతో హుడీని అనే పేరు పెట్టుకున్నాడు. 1894లో బెస్‌ను వివాహమాడాడు. ఆమె ప్రదర్శనలలో కూడా అతనికి సహచరి.

వృత్తి జీవితం

1899లో మార్టిన్ బెక్ అనే ప్రదర్శనల నిర్వాహకుడు ఇతని ప్రతిభను గుర్తించాడు. 1900లో లండన్ వెళ్ళి ఐరోపా అంతటా పేరు గడించాడు. 1908లో నీటితో నింపిన పాల క్యాను నుండి తప్పించుకొనే ప్రదర్శనను, 1912లో కాళ్ళు బిగించి తలక్రిందులుగా నీటి పెట్టెలో ముంచే ప్రదర్శనను ప్రవేశపెట్టాడు.

బహిరంగ సాహసాలు, చిత్రీకరణ

1907లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో చేతులకు బేడీలతో వంతెన పైనుండి నీటిలోకి దూకాడు. ఈ దృశ్యాన్ని చిత్రీకరించారు. ఇటువంటి చిత్రాలను తన రంగస్థల ప్రదర్శనలలో చూపేవాడు.

1915 నుండి స్ట్రెయిట్ జాకెట్ తొడిగించుకొని, ఎత్తైన భవనాల నుండి తలక్రిందులుగా వేలాడుతూ దానిని విప్పుకొనేవాడు. మానసిక రోగులను కదలనీయకుండా కట్టివేసే పొడవు చేతుల చొక్కా ఇది. మోచేతిని బలవంతంగా తలపైకి తెచ్చి, కట్టును పళ్ళతో విప్పి, మిగిలిన పట్టీలను గుడ్డ లోపలి నుండే వ్రేళ్ళతో తీయవలసి ఉంటుంది. ఇందుకు తరచుగా పత్రికా కార్యాలయ భవనాలను ఎన్నుకొనేవాడు. అందువల్ల ప్రదర్శనకు ప్రచారం తేలికగా లభించేది. కొద్దిమంది సహాయకులే ఇతని బృందం. రహస్యాలు బయటపెట్టబోమని వారు ప్రమాణం చేయవలసి ఉండేది. వారిలో జేమ్స్ కాలిన్స్ పరికరాల తయారీలో సిద్ధహస్తుడు.

1919లో ది గ్రిమ్ గేమ్ అనే చిత్రం తీస్తుండగా రెండు విమానాలు గాలిలో ఢీకొన్నాయి. ఎవరూ మరణించలేదు. ఆ దృశ్యాన్ని చిత్రంలోనే వాడుకున్నారు. ఆ సమయంలో విమానం నుండి వేలాడినది హుడీని కాదు, అతని బదులు నటించిన వ్యక్తి. ప్రచారంలో మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

యుద్ధకాల సేవ

1917లో అమెరికా యుద్ధంలో ప్రవేశించగానే హుడీని సైనిక శిబిరాలలో ఉచిత ప్రదర్శనలు ఇచ్చాడు. ప్రభుత్వ యుద్ధ రుణపత్రాల అమ్మకానికి తోడ్పడ్డాడు. బంధనాల నుండి తప్పించుకొనే మెళకువలను సైనికులకు నేర్పాడు. గాలిలోనుండి 5 డాలర్ల బంగారు నాణేలను సృష్టించినట్లు చూపి, వాటిని ఫ్రాన్సు వెళ్ళే సైనికులకు పంచేవాడు. అదే సంవత్సరం నవంబరులో, జలాంతర్గామి దాడిలో మునిగిన ఆంటిలీస్ నౌకలో మరణించినవారి కుటుంబాల సహాయార్థం న్యూయార్క్ హిప్పోడ్రోమ్‌లో ప్రదర్శన ఏర్పాటు చేశాడు.

తుది రోజులు

యుద్ధంలో ఆప్తులను పోగొట్టుకున్నవారిని ఆత్మలతో మాట్లాడిస్తామని మోసగించేవారి గుట్టు రట్టు చేయడానికి హుడీని చివరి సంవత్సరాలను వెచ్చించాడు. 1926 అక్టోబరులో ఆల్బనీలో ప్రదర్శన సమయంలో చీలమండ విరిగింది. తరువాత మాంట్రియల్‌లో ఒక యువకుడు ఇతని పొట్టపై గుద్దాడు. తీవ్ర జ్వరంతోనే డెట్రాయిట్‌లో చివరి ప్రదర్శన ఇచ్చాడు. ఉండుకము పగిలి, ఉదరంలో వ్యాపించిన వ్యాధి వలన అక్టోబరు 31న మరణించాడు. ఆ దెబ్బలే కారణమా అనే విషయంపై వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. నీటి పెట్టెలోనే మరణించాడనే ప్రచారం నిజం కాదు. 1953లో వచ్చిన ఒక చలనచిత్రం వలన ఆ అపోహ వ్యాపించింది.