కందుకూరి దంపతులు

మన హాస్టల్లో వంటమనిషి ఒక్క పూట రాకపోతే ఎంత గందరగోళం అవుతుందో మనందరికీ తెలుసు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఒక ఇంట్లో పెళ్లి. వంటవాళ్లు రాలేదు. నీళ్లు మోసేవాళ్లూ రాలేదు. వాళ్లకు ఒంట్లో బాగాలేక కాదు, ఆ పెళ్లికి పనిచేస్తే కులంలోంచి వెలివేస్తారన్న భయంతో. ఆ ఇల్లు కందుకూరి వీరేశలింగం పంతులు గారిది. ఆ రోజు గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, పొయ్యి వెలిగించి వంట చేసినావిడ ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు.

వీరేశలింగం గారిని గురించి మనం చిన్న తరగతుల నుంచి చదువుతూనే ఉన్నాం. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా కూడా వస్తుంది. ఆ జవాబులో రాజ్యలక్ష్మమ్మ గారి పేరు రాసిన వాళ్లం ఎంతమందిమి? నేనైతే రాయలేదు.

పంతులు గారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి పోయారు. పెదతండ్రి గారి నీడలో, తల్లి పున్నమ్మ గారి పెంపకంలో పెరిగారు. 1861లో పెళ్లయింది. పెళ్లికూతురి పేరు బాపమ్మ. అత్తవారింటికి వచ్చాక రాజ్యలక్ష్మి అయింది. ఇద్దరూ పిల్లలే. ఆమెకు చదువు నేర్పింది భర్తే. తర్వాత ఆయన ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేస్తూ 1874లో అక్కడ ఆడపిల్లలకు బడి పెట్టారు. అదే ఏడాది వివేకవర్ధని పత్రిక పెట్టి లంచగొండి ఉద్యోగుల మీద ధైర్యంగా రాశారు.

ఇక ఆ పెళ్లి సంగతి. పెళ్లికూతురు గౌరమ్మ కృష్ణా జిల్లా నుంచి వచ్చిన బాల వితంతువు. వరుడు గోగులపాటి శ్రీరాములు. అప్పటి రాజమండ్రి ఇప్పటిలా పెద్ద నగరం కాదు. గోదావరి మీద రైలు వంతెన కూడా ఇంకా పడలేదు. ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయేది. అలాంటి ఊళ్లో వితంతువుకు పెళ్లి అనేసరికి పెద్దలు మండిపడ్డారు. పోలీసులు కాపలా ఉన్నారు. పంతులు గారి శిష్యులైన విద్యార్థులు కూడా ఇంటిచుట్టూ నిలబడ్డారు. మన వయసు వాళ్లే! కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు ధనసహాయం చేశారు. నాలుగు రోజులకే రెండో పెళ్లీ జరిగింది.

పెళ్లిళ్ల తర్వాతే అసలు కష్టాలు మొదలయ్యాయి. విందుకు వచ్చినవారిలో చాలామంది వెలికి భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. బంధువులు రావడం మానేశారు. భర్తను వదిలి వచ్చెయ్యమని పుట్టింటి వైపు వారు పిలిచినా రాజ్యలక్ష్మమ్మ గారు వెళ్లలేదు. ఉపన్యాసం ఇచ్చినవారికి చప్పట్లయినా దక్కుతాయి. పొద్దున్నే గోదావరి రేవులో పది మంది ఆడవాళ్ల మధ్య బిందె ముంచుకోవాల్సింది ఆమె. నాకు ఆమె ధైర్యమే ఎక్కువనిపిస్తుంది.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆ పెళ్లిళ్లు ఎక్కువగా బ్రాహ్మణ కుటుంబాల్లోనివే. మన కులాల్లో చాలాచోట్ల మారుమనువు ఆచారం ముందునుంచీ ఉన్నదే. అందుకని ఆయన మనకేం చేశారని మన హాస్టల్లోనే కొందరు అన్నలు వాదించేవారు. ఆ వాదన కొట్టిపారేసేది కాదు. కానీ ఆ ఇంటికి చేరిన ఆడపిల్లలను తలచుకుంటే నాకు మన హాస్టలే గుర్తొస్తుంది. ఇంటిని వదిలి, భయంభయంగా వచ్చిన పిల్లలకు తిండి పెట్టి, చదువు చెప్పి, మళ్లీ బతుకు చూపించిన చోటు అది. ఆ దంపతులకు సంతానం లేదు. అలా వచ్చిన వాళ్లే వారి పిల్లలు. ఇలా సుమారు 40 పెళ్లిళ్లు జరిపించారు. ఉద్యోగరీత్యా మద్రాసులో ఉన్నప్పుడు కూడా అక్కడ వితంతు శరణాలయం నడిపారు.

1906లో రాజమండ్రిలో హితకారిణీ సమాజం స్థాపించి, తమ ఆస్తి మొత్తం దానికే ఇచ్చేశారు. 1910 ఆగస్టు 11న రాజ్యలక్ష్మమ్మ గారు కన్నుమూశారు. ఆ తర్వాత పంతులు గారు దాదాపు తొమ్మిదేళ్లు ఒంటరిగా బతికి, 1919 మే 27న మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు గారి ఇంట్లో మరణించారు. చివరి వరకూ రాస్తూనే ఉన్నారు.

రాజమండ్రిలో ఎస్.కె.ఆర్. మహిళా కళాశాల ఉంది. మన హాస్టళ్లలో చదివిన చెల్లెళ్లు కూడా అక్కడ డిగ్రీ చేస్తుంటారు. ఆ మూడు అక్షరాలకు అర్థం ఏమిటని అడిగితే చాలామంది తడుముకుంటారు. శ్రీ కందుకూరి రాజ్యలక్ష్మి. గోదావరి నుంచి బిందె మోసుకొచ్చినావిడ పేరే అది.