చైనా యాత్రికుడు ఫాహియాన్

క్రీ. శ. 399లో చాంగాన్ నగరము విడిచి భారతదేశమునకు బయలుదేరునాటికి ఫాహియాన్ సుమారు అరువదియేండ్ల వృద్ధుడు. అన్నలు మువ్వురును బాల్యముననే మరణించుటచే, ఈ బిడ్డయైనను దక్కునను ఆశతో తండ్రి ఆతనిని మూడవయేటనే బౌద్ధసంఘమున కర్పించెను. భిక్షువైన పిదప ఆతని మనస్సును కలచిన విషయ మొక్కటియే. భిక్షువుల నియమములను తెలుపు వినయగ్రంథములు చైనాలో అసమగ్రములుగా నుండెను. వానిని సాధించి తెచ్చుటకే ఈ ప్రయాణము.

వెంట నలుగురు భిక్షువులు నడచిరి. త్రోవలో మరికొందరు కలిసిరి. తున్‌హువాంగ్ దాటిన పిమ్మట 17 దినములు ఎడారి. మృతుల యెముకలే అచట దారిగుర్తులు. ఖోటానునందు బుద్ధవిగ్రహముల రథోత్సవమును చూచుటకై మూడు నెలలు నిలిచెను. పురుషపురమున, అనగా నేటి పెషావరున, కనిష్కుని స్తూపమును చూచి, సౌందర్యమున దానికి సాటివచ్చు కట్టడమును తానెచ్చటను చూడలేదని వ్రాసికొనెను. అనంతరము హిమపర్వతముపై ఒక సహచరుడు మంచుగాలికి తాళలేక ఆతని యెదుటనే ప్రాణములు విడిచెను.

రాజగృహమున పూలు, ధూపము, దీపములు కొని గృధ్రకూటము నెక్కి, బుద్ధుని కాలమున పుట్టనైతినని కన్నీరు పెట్టి, ఆ రేయి అచటనే గడపెను. అది రెండవ చంద్రగుప్తుని పాలనాకాలము. అయినను ఆ చక్రవర్తి పేరైనను ఆతని గ్రంథమున లేదు! చరిత్రకారులకిది లోటే. దక్షిణాపథమున కొండను తొలిచి నిర్మించిన ఐదంతస్తుల విహారమును గూర్చి వినెనుగాని, దారి దుర్గమమగుటచే వెళ్లలేదు. మన ధాన్యకటకమును దర్శించు భాగ్యము రెండు శతాబ్దముల తరువాత హ్యూయన్‌త్సాంగునకు దక్కినది.

ఉత్తరదేశమున వినయము గురుముఖముననే సాగుచుండుటచే వ్రాతప్రతులు దొరకలేదు. తుదకు పాటలీపుత్రమున మహాసాంఘిక వినయము లభించినది. మూడేండ్లు సంస్కృతము నభ్యసించి ప్రతులు వ్రాసికొనెను. మిగిలిన ఒక్క సహచరుడు దావోజెంగ్ ఇచటి భిక్షువుల నియమనిష్ఠలకు ముగ్ధుడై, ఇక స్వదేశమునకు మరలనని నిశ్చయించెను. ఆతనిని తప్పుపట్టజాలము. కాని గ్రంథములు చైనాకు చేరవలెను గదా! ఫాహియాన్ ఒంటరిగా తామ్రలిప్తికి పోయి, రెండేండ్ల పిదప సింహళమునకు ఓడయెక్కెను.

అనూరాధపురమున అభయగిరి విహారమునందు అప్పుడు పచ్చరాతి బుద్ధవిగ్రహ ముండెను. దాని ముందు ఒక వర్తకుడు తెల్లని పట్టు విసనకర్ర నర్పించుట ఆతని కంటబడినది. అది చైనాలో చేసినది. ఇల్లు విడిచి పదియేండ్లు దాటినది. తోడివారిలో కొందరు గతించిరి, కొందరు విడిపోయిరి. ఆ విసనకర్రను చూచి వృద్ధభిక్షువు దుఃఖము నాపుకొనలేకపోయెను.

మరలునప్పుడు తుపానులో ఓడకు చిల్లుపడినది. వర్తకులు సరకులను సముద్రమున పారవేయసాగిరి. ఫాహియాన్ తన నీటికుండను, పళ్లెమును విసరివేసి, గ్రంథముల జోలికి రాకుండవలెనని అవలోకితేశ్వరుని ప్రార్థించెను. ఓడ యవద్వీపమునకు చేరినది. అచటినుండి వేరొక ఓడలో, మరియొక తుపానుకు లోనై, 412లో షాంటుంగ్ తీరమున దిగెను.

చాంగానునకు పోవలెననుకొనెనుగాని, గ్రంథానువాదము కొరకు దక్షిణమున నేటి నాన్‌కింగునకు పోయెను. అచట బుద్ధభద్రునితో కలిసి మహాసాంఘిక వినయమును చైనాభాషలోనికి తెచ్చెను. సింహళమున సంపాదించిన మహీశాసక వినయమును బుద్ధజీవుడు అనువదించునాటికి ఫాహియాన్ జీవించిలేడు.