యోహాను టౌలరు – పొలము దున్నువాని భక్తి

ధ్యానమునకు: కొలస్సయులకు 3:22–24, లూకా 10:38–42

ప్రొద్దు పొడవక మునుపే పొలమునకు పోయి, దీపాలు పెట్టిన తరువాత ఇల్లు చేరువారు మన సంఘములలో అనేకులు గలరు. పగలంతయు ఒళ్లు వంచి పనిచేసిన మీదట మోకాళ్లూనినంతనే వారి కన్నులు మూతపడును. ధ్యానము, ఏకాంత ప్రార్థన అనునవి తీరిక గలవారికే గాని తమవంటి వారికి కావని వారు లోలోపల దిగులుపడుచుందురు. ఈ దిగులు క్రొత్తది కాదు. ఆరు వందల యేండ్లకు పైగా గతించిన కాలమున ఒక బోధకుడు దీనికి సమాధానము చెప్పెను. ఆయన పేరు యోహాను టౌలరు.

టౌలరు సుమారు 1300వ సంవత్సరమున రైను నదీ ప్రాంతమందలి స్ట్రాస్‌బర్గు పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు ఫ్రాన్సు దేశములో నున్నను, ఆ దినములలో జర్మను సామ్రాజ్యములోనిది. ఆయనది కలిగిన కుటుంబము. అయినను యౌవనారంభముననే ఆస్తిని విడిచి డొమినికను సన్యాసుల మఠములో చేరెను. ఆ మఠపు పండితులలో ప్రసిద్ధుడైన ఎక్‌హార్టు కొన్ని సంవత్సరములు ఆ పట్టణముననే బోధించుచుండెను. మనుష్యుని ఆత్మ అడుగున దేవుడు వసించు తావు కలదనునది ఆయన బోధ. 1329లో పోపు ఆయన బోధలలో ఇరువది యెనిమిదింటిని తప్పుపట్టెను. టౌలరు ఆ పండితుని గౌరవించెను గాని, లోతైన ఆ సంగతులను సామాన్యులు బ్రదుకులో ఆచరించుకొనదగిన రీతిగా చెప్పెను.

ఆయన కాలము మిక్కిలి కష్టకాలము. 1324లో పోపు 22వ యోహాను బవేరియా లుడ్విగు రాజును వెలివేసెను. రాజు పక్షమున నిలిచిన పట్టణములలో బహిరంగారాధన నిషేధింపబడెను. పెద్దలిద్దరి పోరులో నలిగినవారు సామాన్య విశ్వాసులే. ఈ కలహమువలన టౌలరును ఆయన సహోదరులును స్ట్రాస్‌బర్గు విడిచి కొన్ని సంవత్సరములు బాసెలు పట్టణమున నివసింపవలసి వచ్చెను. తరువాత 1349లో గొప్ప తెగులు స్ట్రాస్‌బర్గుమీదికి వచ్చెను. ఇండ్లకు ఇండ్లే ఖాళీ అయ్యెను. దేవుని కోపము చల్లార్చవలెనని తమ్మును తామే కొరడాలతో కొట్టుకొనుచు గుంపులు గుంపులుగా ఊరూర తిరిగినవారును ఆ యేటనే అక్కడికి వచ్చిరి.

అట్టి దినములలో సన్యాసులు, సన్యాసినులు, గృహస్థులు అనక ప్రభువును వెదకువారు కొందరు ఒకరినొకరు బలపరచుకొనుచుండిరి. యోహాను సువార్త 15వ అధ్యాయమును బట్టి వారికి దేవుని స్నేహితులని పేరు కలిగెను. టౌలరు వారికి ఆప్తుడైన బోధకుడు. పండితుల లాటిను భాషలో గాక జనులు మాటలాడు జర్మను భాషలోనే ఆయన ప్రసంగించెను. వినినవారు వ్రాసి యుంచుకొన్నందున సుమారు ఎనుబది ప్రసంగములు నిలిచినవి.

ఆయన నేర్పిన సాధన యేమి? దినదినము కొంతసేపు బయటి సందడి విడిచి, తన అంతరంగములోనికి తాను మళ్లుకొని, అక్కడ దేవుని యెదుట మౌనముగా నిలుచుట. తన యిష్టమును ఆయన చిత్తమునకు అప్పగించుట. మన బావులలో పూడిక తీసినకొలది ఊట పైకి వచ్చును గదా! స్వార్థము, గర్వము, కోపము అను పూడిక తొలగినకొలది దేవుని కార్యము మనలో ఊరును. ఉపవాసములను, చెప్పిన జపములను లెక్కపెట్టుకొని తృప్తిపడువారిని టౌలరు హెచ్చరించెను. తాను బలహీన శరీరము గలవాడై కఠినోపవాసములు చేయలేకపోవుటను ఆయన దాచలేదు. ధ్యానమను పేరుతో పని మానుకొని ఊరక కూర్చుండువారిని సైతము ఆయన గద్దించెను.

ఒక ప్రసంగములో ఆయన నూలు వడకుటయు, చెప్పులు కుట్టుటయు పరిశుద్ధాత్మ యిచ్చు వరములేనని బోధించెను. తాను బోధకుడు కానియెడల చెప్పులు కుట్టుటనే గొప్పగా ఎంచి, చేతనైనంత చక్కగా కుట్టియుందునని చెప్పెను. తాను ఎరిగిన దేవుని స్నేహితులలో మిక్కిలి ఉన్నతుడైన యొకడు నలువది యేండ్లకు పైగా పొలము దున్నుచున్నవాడేయని ఆయన సాక్ష్యమిచ్చెను. ఈ పని మానుకొని గుడిలో కూర్చుండవలెనా అని ఆ రైతు ప్రభువును అడిగెనట. వలదనియు, క్రీస్తు చిందించిన రక్తమునకు ఘనతగా చెమటోడ్చి తన అన్నము సంపాదించుకొనవలెననియు అతనికి జవాబు దొరికెనట.

ఎంత పెనుగులాడినను కొన్ని బలహీనతలు మనలను విడువవు. వీటి విషయమై టౌలరు చెప్పిన పోలిక పల్లెలవారికి ఇట్టే తెలియును. గుఱ్ఱము సాలలో లద్దె వేయును. అది మురికి, దుర్వాసన. ఆ గుఱ్ఱమే ఆ పెంటను కష్టపడి బండిలో చేనికి లాగుకొని పోవును. ఆ పెంటవలననే మంచి గోధుమయు, తియ్యని ద్రాక్షరసమును కలుగును. అటులనే మన లోపములను దాచిపెట్టి కుళ్లనీయక, తగ్గింపుతో దేవుని చిత్తమను పొలమునకు మోసికొని పోయి అక్కడ చల్లవలెను. పాపము మంచిదని ఆయన భావము కాదు. తన పెంటను తానే మోయువాడు ఇతరుల గుమ్మమును చూచి ముక్కు మూసికొనడు. అట్టివాని తగ్గింపులో కృప ఫలించును.

టౌలరు 1361వ సంవత్సరము జూను 16న స్ట్రాస్‌బర్గులో నిద్రించెను. ఆయన ప్రసంగములు 1498లో లైప్‌జిగు నగరమున మొదట అచ్చుపడినవి. సుమారు 1516లో మార్టిన్ లూథరు వాటిని చదివి, పుస్తకపు అంచులలో తన తలంపులను వ్రాసికొని, స్నేహితులకు వాటిని చదువుమని చెప్పెను. టౌలరు సమాధి రాయి నేడు ఆ పట్టణములోని ప్రొటెస్టెంటు దేవాలయములో నున్నది. ఆయన తన కాలపు మఠజీవితమునకు చెందినవాడు గనుక ఆయన ఆచారములన్నియు మనము అనుసరించునవి కావు. అయినను నాగలి పట్టినవానిని దేవుని స్నేహితుడని పిలిచిన ఆ మాట మనకు ఆదరణ కలిగించునది.

కావున ప్రియులారా, ఈ నెలలో చేనికి పోవు దారిలో గాని, కుప్ప నూర్చు కళ్లములో గాని, పిడకలు చేయునప్పుడు గాని, ఒక్క నిమిషము మన హృదయమును లోపలికి మళ్లించుకొందము. పరలోకపు తండ్రి అక్కడ మనకొరకు కనిపెట్టుచున్నాడు. చేతిలో పని యుండుట ఆయనకు అడ్డు కాదు; మన తలంపులు ఆయనకు దూరమగుటయే అడ్డు.