పాతికేళ్లకే మాజీ దివాన్.. ఆ తర్వాతంతా పుస్తకాల వేటే

గ్రూప్స్ పుస్తకాల కోసం జనగామలోనో మానుకోటలోనో రైలెక్కి కోఠికి వెళ్లని స్టూడెంట్ అరుదు. భూపాలపల్లి వాళ్లకైతే ముందు హన్మకొండ బస్సు, ఆ తర్వాత కాజీపేటలో రైలు. కోఠి ఫుట్‌పాత్ మీద బేరమాడి సగం ధరకు మెటీరియల్ కొనుక్కుని, సాయంత్రం రైలుకు తిరిగొచ్చేస్తారు. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా మూసీ దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. స్కూల్ టూర్‌లో చాలామంది చూసే ఉంటారు. గంట కొట్టే గడియారం ముందు జనం, ముసుగు వేసుకున్న రెబెకా ముందు జనం. అదే మ్యూజియానికి ఒక లైబ్రరీ ఉందని మాత్రం చాలామందికి తెలీదు. అచ్చు పుస్తకాలే 60 వేలకు పైగా ఉన్నాయి. అందులో 40 వేలకు పైగా ఇంగ్లిష్‌వి. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ రాతప్రతులు 8 వేలకు పైనే. తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. ఇందులో పెద్ద భాగాన్ని కూడబెట్టింది ఒక్క మనిషి. ఆయన కథ ఉద్యోగం పోవడంతో మొదలవుతుంది.

మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్, అంటే రెండో సాలార్‌జంగ్, కొడుకు పుట్టిన నెల తిరక్కుండానే చనిపోయారు. పసివాడి బాధ్యతను ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తీసుకున్నారు. చదువు నిజాం కాలేజీలో. తాత మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా ముప్పై ఏళ్లు హైదరాబాద్ దివాన్‌గా చేసినవాడు. ఇంట్లో నడిచే ప్రతి మాటా ఆ తాత చుట్టూనే తిరిగి ఉండాలి. ఆ తాత 1876లో యూరప్ వెళ్లారు. రోమ్‌లో బెంజోనీ చెక్కిన రెబెకా విగ్రహాన్ని కొన్నారు. పారిస్‌లో దిగిన హోటల్ మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. మనవడికి ఫ్రాన్స్ అంటే ఇంట్లో వినిపించే ఊరి పేరులాంటిదే అయి ఉంటుందని నా ఊహ.

1912లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈయన్ని దివాన్‌ను చేశారు. అప్పటికి వయసు 23. మనలో చాలామంది ఆ వయసులో డిగ్రీ బ్యాక్‌లాగ్‌లు క్లియర్ చేసుకుంటూ ఉంటాం. దేశంలోనే అతిపెద్ద సంస్థానం, దాని పాలన మొత్తం ఆయన టేబుల్ మీద. రెండేళ్లు తిరిగేసరికి నిజాంకూ ఆయనకూ పొసగలేదు. 1914లో పదవి వదిలేశారు. ఆ తర్వాత కొన్నేళ్లు నిజాం దివాన్ లేకుండా తానే పాలించారు. పాతికేళ్లకే ఆయన మాజీ అయ్యారు. మళ్లీ ఆ కుర్చీ ఎక్కలేదు.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. ఉద్యోగం పోతే ఆయనకు ఇంటి అద్దె, హాస్టల్ మెస్ బిల్లు గుర్తొచ్చే పరిస్థితి లేదు. పెద్ద జాగీర్దారు. ఊళ్ల నుంచి రాబడి వచ్చిపడుతూనే ఉండేది. ఆ రాబడి ఎవరి చెమటో నైజాం పల్లెల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకోమని చెప్పడం లేదు. అంత డబ్బు, అంత ఖాళీ సమయం ఉన్న నవాబులు ఆ రోజుల్లో ఇంకా చాలామందే ఉన్నారు. వాళ్ల ఇళ్లలో మిగిలిందేంటో, ఈయన ఇంట్లో మిగిలిందేంటో పోల్చి చూస్తే చాలు.

ఆయన కొనడం మొదలుపెట్టారు. ముప్పై ఐదేళ్లు ఆపలేదు. యూరప్, పశ్చిమాసియా తిరిగారు. విదేశాల్లో ఏజెంట్లను పెట్టుకున్నారు. వ్యాపారులు సరుకు తీసుకుని నేరుగా ఆయన ఉండే దివాన్ దేవిడీకి వచ్చేవాళ్లు. ఫ్రాన్స్ నుంచి సెవ్ర్ పింగాణీ, పదిహేనో లూయీ, పదహారో లూయీ కాలపు పద్ధతి కుర్చీలు, బల్లలు వచ్చాయి. ఒకే దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్‌గా, వెనకవైపు మార్గరెట్టాగా చెక్కిన బొమ్మ కూడా ఫ్రెంచి పనే. వాటి పక్కనే పుస్తకాలు. చరిత్ర, కళలు, జీవిత చరిత్రలు, యాత్రలు. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముగ్గురి ముద్రలూ సంతకాలూ పడిన ఖురాన్ ప్రతి కూడా ఈ సేకరణలోదే.

పాత పుస్తకం కొనడం అంటే పాత కాగితం కొనడం కాదు. ముఖ్యంగా ఫ్రెంచి పాత పుస్తకాల్లో మోసపోవడం తేలిక. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ రాజు సెన్సార్ గట్టిగా ఉండేది. దాంతో పారిస్‌లో అచ్చువేసి ముఖపత్రం మీద లండన్ అనో ఆమ్‌స్టర్‌డామ్ అనో వేసేవారు. ఊరి పేరే అబద్ధం. విప్లవం వచ్చాక సంవత్సరం లెక్కే మారిపోయింది. పుస్తకం మీద రెండో సంవత్సరం అని ఉంటే అది 1793-94 అని తెలుసుకోవాలి. పైగా ఆ రోజుల్లో పుస్తకాన్ని పలచని కాగితం అట్టతో అమ్మేవారు. తోలు బైండింగ్ కొన్నవాడు తన ఖర్చుతో చేయించుకునేవాడు. అందుకే ఒకే ముద్రణలోని రెండు ప్రతులు బయటికి ఒకలా ఉండవు. యాత్రా పుస్తకాలకైతే మ్యాపులు, బొమ్మల పేజీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. ఎవడో చింపి ఫ్రేమ్ కట్టించుకుని ఉంటాడు. ఒక్క మ్యాపు పోతే ధర సగానికి పడిపోతుంది. ఇలాంటివి తెలిసినవాళ్లకు ఇవాళ ప్రపంచవ్యాప్తంగా వేలం సంస్థల్లో, పెద్ద లైబ్రరీల్లో ఉద్యోగాలున్నాయి.

ఫ్రెంచి వాళ్ల పాత యాత్రలు మనకెందుకు అని అడగొచ్చు. గోల్కొండ ఎలా ఉండేదో చూసినట్టు రాసినవాళ్లలో ముఖ్యులు వాళ్లే. వజ్రాల వ్యాపారి టావెర్నియే కొల్లూరు గనిని స్వయంగా చూశాడు. అక్కడ అరవై వేల మంది పనిచేసేవారని లెక్క చెప్పాడు. ఆయన పుస్తకం 1676లో పారిస్‌లో వచ్చింది. అందులో వజ్రాల బొమ్మలు కూడా గీశారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. తెవెనో, బెర్నియే కూడా 1660లలో గోల్కొండ చూసి వెళ్లినవాళ్లే. పోటీ పరీక్షల్లో కుతుబ్‌షాహీల చాప్టర్ కింద విదేశీ యాత్రికులు అని ఒక్క లైన్లో చదివేసే పేర్లు ఇవి. ఇంకా దగ్గరి పేరు కావాలంటే మూసారాంబాగ్. నిజాం సైన్యంలో పనిచేసి 1798లో ఇక్కడే చనిపోయిన ఫ్రెంచి సేనాని మోసియే రేమండ్ పేరే జనం నోట్లో అలా అయింది.

మళ్లీ మన నవాబు దగ్గరికి వద్దాం. ఇంత కొన్న మనిషి రెండు పనులు చేయలేదు. పెళ్లి చేసుకోలేదు. తన తర్వాత ఇదంతా ఎవరిదో తేల్చి వెళ్లలేదు. 1949 మార్చి 2న, అరవై నిండకుండానే చనిపోయారు. సమయం చూడండి. పోలీస్ యాక్షన్ జరిగి ఆరు నెలలే అయింది. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. వారసుడు లేడు, ఎస్టేటు ఉంది, బంధువులు చాలామంది ఉన్నారు. పుస్తకాలూ బొమ్మలూ అనేక భవనాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. తలా ఇంత పంచుకుని వేలానికి పెట్టి ఉంటే ముప్పై ఐదేళ్ల కష్టం మూడు నెలల్లో ఖాళీ అయ్యేది. చాలా సంస్థానాల్లో అదే జరిగింది కూడా.

ఇక్కడ అలా జరగకపోవడానికి కారణం నవాబు కాదు, ఉద్యోగులు. ప్రభుత్వం ఎస్టేటుకు ఒక కమిటీ వేసింది. హైదరాబాద్ పాలన చూస్తున్న వెల్లోడి, కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి ఆ వస్తువులన్నిటినీ ఒక వరసలో పెట్టించారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. వారసుల వ్యవహారం మాత్రం 1958 దాకా సాగింది. చివరికి హైకోర్టులో రాజీ డిక్రీతో మొత్తం సేకరణను దేశానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది.

ఇంకో పని కూడా జరిగింది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పుస్తకం అల్మారాలో ఉన్నంత మాత్రాన ఉన్నట్టు కాదు. ఫలానాది ఉందని జాబితాలో ఎక్కాలి. నసీరుద్దీన్ హాష్మీ అనే ఆయన కూర్చుని ఉర్దూ రాతప్రతులు ఒక్కొక్కటీ చదివి, రాసిందెవరు, నకలు తీసిందెవరు, ఎన్ని పేజీలు అని 1957లో కేటలాగ్ తెచ్చారు. 1960లలో మహమ్మద్ అష్రఫ్ ఫారసీ వాటికి కేటలాగ్ మొదలుపెట్టారు. అది సంపుటాలకు సంపుటాలు అయింది. దక్కన్ చరిత్ర మీద పీహెచ్‌డీ చేసే ఎవరైనా ఇప్పటికీ ముందు తెరిచేది ఈ జాబితాలే. కొన్న నవాబు పేరు బోర్డు మీద ఉంది. వీళ్లిద్దరి పేర్లు రీసెర్చ్ స్కాలర్లకే తెలుసు. నన్నడిగితే రెండో పనే కష్టం.

ఆ పనికి ఇప్పుడూ మనుషులు కావాలి. లైబ్రరీ సైన్స్ ఉస్మానియాలో ఉంది, అంబేడ్కర్ సార్వత్రిక వర్సిటీలో దూరవిద్యలోనూ ఉంది. ఫ్రెంచి నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లోనే ఇఫ్లూ ఉంది. ఫారసీ, పాత ఉర్దూ చదవగలిగేవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం, మొఘల్ కాలపు కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. మన వైపే చూసుకోండి. పాలకుర్తి, బమ్మెర ఉన్న జనగామ, 1922లో ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక నడిపిన మానుకోట, కాళేశ్వరం ఉన్న భూపాలపల్లి. ఇలాంటి ఊళ్లలో పాత ఇల్లు కూల్చినప్పుడు అటక మీది తాళపత్రాలు ఎటు పోతున్నాయో ఎవరైనా రాసిపెట్టుకుంటున్నారా? ఫోన్‌లో ఫొటో తీసి, ఊరి పేరు, ఇంటి పేరు, తేదీ రాసుకున్నా అదొక జాబితానే.

ఈసారి కోఠి వెళ్లినప్పుడు టైముంటే మూసీ దాటండి. శుక్రవారం మాత్రం వద్దు, మ్యూజియానికి సెలవు. బయటికొచ్చాక చార్మినార్ వైపు నడిస్తే పత్తర్‌గట్టీ దగ్గర దివాన్ దేవిడీ కమాను కనిపిస్తుంది. వ్యాపారులు ఫ్రెంచి పింగాణీ, తోలు అట్టల పుస్తకాలు పట్టుకుని లోపలికి వెళ్లింది దాని కిందనుంచే. భవనం లేదు. ఇప్పుడు ఆ చోటంతా బట్టల హోల్‌సేల్ దుకాణాలు.