నూనె గాదులో మందు చూసిన డాక్టర్ జూలియన్

డాక్టర్ పెర్సీ జూలియన్ గారు 1899లో అమెరికాలోని మాంట్‌గమరీ పట్టణంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తాతగారు బానిస. చదవడం, రాయడం నేర్చుకున్న నేరానికి ఆయన వేళ్ళు రెండు నరికేశారట. తండ్రిగారు రైల్వే తపాలాలో గుమాస్తా. ఆ ఊళ్ళో నల్లవారి పిల్లలకు ఎనిమిదో తరగతి దాటితే సర్కారు బడి లేదు. అందుచేత డిపా కాలేజీలో చేరిన తరువాత కూడా జూలియన్ గారు కాలేజీ పాఠాలతోబాటు హైస్కూలు పాఠాలు చదువుకోవలసి వచ్చింది. తిండి గడవడానికి తెల్ల విద్యార్థుల వసతిగృహంలో వడ్డన చేస్తూ, కొలిమికి బొగ్గు వేస్తూ, అటక మీద పడుకునేవారు. 1920లో క్లాసుకంతా మొదటివారుగా పాసయ్యారు. వీడికి తాలీమ్ అబ్బదని తొందరపడి తేల్చేసే తోటి అయ్యవార్లకు మేము ఈ సంగతి చెబుతూ ఉంటాం.

1931లో వియన్నాలో డాక్టరేటు, 1935లో గ్లాకోమా కంటిజబ్బుకు వాడే ఫైసోస్టిగ్మిన్ మందును ప్రయోగశాలలో తయారుచేయడం, ఇంత జరిగినా చదువుకున్న కాలేజీయే నల్లవాడని ప్రొఫెసరు ఉద్యోగం ఇవ్వలేదు. 1936లో షికాగోలో గ్లిడెన్ కంపెనీవారు సోయా విభాగంలో పరిశోధనాధికారిగా తీసుకున్నారు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. 1940లో లక్ష గ్యాలన్ల సోయా నూనె తొట్టెలోకి నీరు కారి, తెల్లని గాదు పేరుకుంది. నూనె పాడైందని అందరూ గోల. జూలియన్ గారు మాత్రం అది స్టిగ్మాస్టెరాల్ అని పట్టేశారు. కేలబార్ గింజల నూనెలో అదే పదార్థాన్ని ఆయన ముందే చూసి ఉన్నారు. నూనెను నురగలాగా గుల్లబరిచి, దానిని తేలికగా బయటికి తీసే పద్ధతి కనిపెట్టారు. దానినుంచి ప్రొజెస్టిరాన్ తయారైంది. గర్భస్రావం కాకుండా ఆ రోజుల్లో ఆడవారికి ఇచ్చిన మందు అది. అంతకుముందు జంతువుల అవయవాలనుంచి తీసేవారు గనుక ఖరీదు చెప్పనలవి కాదు.

నూనె తీయగా మిగిలిన చెక్కను మనవాళ్ళు గేదెలకు పెడతారు కదా! ఆయన సోయా చెక్కలోని మాంసకృత్తులను విడదీసి కాగితానికి పూతగా పనికివచ్చేలా చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో ఓడల మీద పెట్రోలు మంటలు ఆర్పిన నురగ కూడా సోయా మాంసకృత్తులదే.

1949లో కీళ్ళవాతానికి కార్టిజోన్ పేరు మోగింది. దానిని ఎద్దుల పైత్యరసంనుంచి ముప్పైకి పైగా మెట్లలో చేసేవారు. జూలియన్ గారు సోయానుంచే 'ఎస్' అనే పదార్థం చేశారు. కార్టిజోన్ కుటుంబంలోని హైడ్రోకార్టిజోన్‌కు దీనికి తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువే.

1950లో ఓక్‌పార్క్‌లో ఇల్లు కొంటే, చేరకముందే దానికి నిప్పు పెట్టబోయారు. మరుసటి ఏడు డైనమైట్ విసిరారు. ఆయన ఇల్లు వదలలేదు. రాత్రిళ్ళు కొడుకును పక్కన పెట్టుకుని కాపలా కాశారు. 1973లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. 1975 ఏప్రిల్ 19న కన్నుమూశారు.